యాత్ర అయిపోయాక గదిలో పడుకున్న కోడలికి

ముందు ఉత్తరం, కొంచెం కుదించి పెడుతున్నా, పేరు రాయొద్దన్నారు.

“అక్కా, నాకు 27. కన్నవారిది సోంపేట, పెళ్ళై బరంపురం వచ్చి మూడేళ్ళు. పెద్ద బజారు వైపు పాత ఇల్లు, అత్త, మామ, బావగారు, తోటికోడలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. పగలు స్కూల్లో పాఠాలు చెప్తాను. నాకు మనుషులంటే ఇష్టం లేక కాదు అక్కా, కూర్చుంటే బాగానే మాట్లాడతాను, నవ్విస్తాను కూడా, కానీ అందరూ వెళ్ళాక ఒంట్లో కరెంటు తీసేసినట్టు అయిపోతాది. పోయిన ఠాకురాణి అమ్మవారి యాత్రకి మా ఇంటికి పదహారు మంది చుట్టాలొచ్చారు, నాలుగు రోజులున్నారు. ఐదో రోజు ఆదివారం, నేను గది గడియేసుకుని సాయంత్రం దాకా బైటికి రాలేదు. అప్పట్నించి మా అత్త ‘కోడలికి మనవాళ్ళు గిట్టరు’ అని అందరికీ చెప్తున్నారు. ఇప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్, మళ్ళీ అదే ఇల్లు, అదే జనం. ఎలా తట్టుకోవాలి, అయ్యాక ఎలా తేరుకోవాలి? గడియ వేసుకోవడం అంత తప్పా?”

చెల్లీ, నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, నీ మీద కాదు, నా మీద. మా తమ్ముడి పెళ్ళి పర్లాకిమిడిలో జరిగింది, ఇంట్లో నలభై మంది, వంటలు పెరట్లో, పిల్లలు మంచాల కింద, పెద్దమ్మలు పిన్నులు ఎక్కడ కనపడితే అక్కడ పట్టుకుని ‘ఏటే ఇలా చిక్కిపోయావ్’ అని అడగడం, దానికి నేను పదిహేనోసారి అదే జవాబు చెప్పడం. సాయంత్రం అయ్యేసరికి ఇంక నా వల్ల కాలేదు, బాత్రూంలోకి దూరి బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నా. ఊరికే కూర్చుంటే తలుపు కొడతారని, ఎవరో స్నానం చేస్తున్నారు అనుకోవాలని కుళాయి తిప్పి వదిలేశా. ఆ నీళ్ళ చప్పుడు ఎంత హాయిగా ఉందో, ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. బైటేమో తమ్ముడికి నలుగు పెట్టి ఒళ్ళంతా సున్నిపిండితో నిలబెట్టారు, చెంబు ముంచుదామంటే చుక్క లేదు, ట్యాంకు ఖాళీ, అప్పుడే కరెంటు కూడా పోయింది. ఆ ట్యాంకు ఎవరు ఖాళీ చేశారో మా ఇంట్లో ఇప్పటికీ తెలీదు, ఇది చదివితే తెలుస్తుంది, తెలియనీ.

అందుకని నీకు నేను ‘అలా చెయ్యకూడదమ్మా’ అని చెప్పను, నేను చేసిన దానికన్నా నువ్వు చేసింది చాలా మర్యాదైన పని, కనీసం నీళ్ళు మిగిలాయి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసినదాన్నే ఇంట్రోవర్ట్ అంటున్నారు అందరూ, ఈ మాటని జనంలోకి తెచ్చింది స్విట్జర్లాండ్ డాక్టర్ కార్ల్ యుంగ్, 1921లో. మనవాళ్ళేమో దీన్ని బిడియం అనో పొగరు అనో రెండిట్లో ఒకటి చేస్తారు. బిడియం అంటే నలుగురిలోకి వెళ్ళడానికే భయం. నీకు భయం లేదు, వెళ్తావు, నవ్విస్తావు, దాని బిల్లు తర్వాత వస్తుంది, అంతే. ఐసెంక్ అని ఇంకో మానసిక శాస్త్రవేత్త ఉండేవాడు, ఇంట్రోవర్టుల మెదడు ముందే కొంచెం ఎక్కువ మెలకువగా ఉంటుంది, అందుకే చిన్న సందడికే నిండిపోతుంది అని ఆయన వాదన. దాన్ని పరీక్షించడానికి 1960లలో జనం నాలిక మీద నిమ్మరసం చుక్కలు వేసి ఎవరికి ఎంత నీరూరిందో తూచారు, ఇలాంటివాళ్ళకే ఎక్కువ ఊరిందట. ఆయన చెప్పిందంతా అలాగే నిలబడలేదనుకో, కానీ నాకు ఆ నిమ్మచుక్క నచ్చింది, ఎందుకంటే ఒకే చుక్క, ఒక నాలిక్కి ఒకలాగ, ఇంకో నాలిక్కి ఇంకోలాగ. మీ ఇంటికి పదహారు మంది వస్తే మీ తోటికోడలికి అది పదహారు మంది, నీకు నలభై.

అయితే ఒక మాట, మొత్తం దీని మీదకే తోసెయ్యకు. యాత్ర నాలుగు రోజులు నువ్వు ఎన్ని గంటలు పడుకున్నావు చెప్పు? అమ్మవారి ఘటాలు రాత్రిపూట తిరుగుతాయి, వీధిలో పులి వేషాలు, డప్పులు, మైకులు, తెల్లారగట్ల మళ్ళీ టిఫిన్లకి లేవాలి. ఏప్రిల్ ఎండ, బరంపురం చెమట. కోడలు కాబట్టి అందరూ తిన్నాక మూడింటికి తిని ఉంటావు, ఆ తినడం కూడా నిలబడే. ఆ ఐదో రోజు నువ్వు పడుకున్నది సగమే ఇంట్రోవర్ట్ అయ్యి, మిగతా సగం నిద్ర లేక, నీళ్ళు తాగక. ఈసారి ఫంక్షన్‌కి ముందు ఇదొక్కటి చెయ్యి, రాత్రి ఆరు గంటలైనా నిద్ర, మొదటి పంక్తిలో కాకపోయినా రెండో పంక్తిలో కూర్చుని భోజనం, చేతి కింద ఒక మంచినీళ్ళ సీసా. చిన్న విషయంలాగ ఉంటుంది గానీ సగం కోపం అక్కడే చల్లారిపోతుంది.

ఇంకోటి, అలసట అప్పటికప్పుడు రాదు, ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నా. 2017లో హెల్సింకీ యూనివర్సిటీ పరిశోధకులు ఒక పేపర్ వేశారు, 48 మందిని 12 రోజుల పాటు రోజుకి ఐదుసార్లు ఇప్పుడేం చేస్తున్నావ్, ఎలా ఉంది అని అడుగుతూ పోయారు. గలగలా మాట్లాడుతున్నప్పుడు అందరికీ హుషారుగానే ఉంది, ఓ మూడు గంటలు పోయాక నీరసం. అందరికీ అంటే కలుపుగోలు మనుషులకి కూడా! అంటే మీ ఆడపడుచు కూడా అలిసిపోతుంది, కాకపోతే ఆవిడ ‘అమ్మో కాళ్ళు లాగేస్తున్నాయే’ అని హాల్లో అందరి మధ్యా కాళ్ళు చాపి చెప్తుంది, నువ్వు గదిలోకి వెళ్ళి చెప్పకుండా పడుకుంటావు, తేడా అక్కడొచ్చింది. ఇందులో నీకు పనికొచ్చేది ఆ మూడు గంటల లెక్క. పొద్దున పదకొండింటికి మహా సరదాగా ఉన్నావు కాబట్టి ఈ రోజు ఏం కాదులే అనుకుని సాయంత్రం అందరితో బజారుకి కూడా ఒప్పేసుకుంటావు చూడు, అక్కడే దొరికిపోతాం మనం. బాగున్నప్పుడే విరామం తీసుకోవాలి. ఫోను చార్జింగ్ లాగా కాదు, పూర్తిగా అయిపోయాక పెడితే ఎక్కదు ఈ మనసు, చిరాకు మాత్రమే ఎక్కుతుంది.

మన ఊళ్ళలో ఇంకో భారం ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. నీది సోంపేట, ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, పక్కింటి ఆవిడ గుమ్మంలో నిలబడి ‘కెమితి అఛొంతి’, అదే ఎలా ఉన్నారు, అంటే ఒడియాలో నవ్వాలి, పైన ఉండే అద్దెవాళ్ళతో హిందీ. ఈ బరంపురంలో పుట్టి పెరిగినవాళ్ళకి నాలిక దానంతటదే తిరుగుతుంది, వాక్యం ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగించేస్తారు. నీకు మూడేళ్ళే, ఇంకా లోపల మాట వెతుక్కుంటావు, తప్పు పడితే నవ్వుతారేమో అని చూసుకుంటావు. నేను పెళ్ళైన కొత్తల్లో పేరంటానికి వెళ్ళొస్తే దవడలు నొప్పెట్టేవి, నిజంగా, నవ్వీ నవ్వీ. కాబట్టి ఫంక్షన్ రోజున కొంచెంసేపు సోంపేట నించి వచ్చిన మీ అమ్మ పక్కన కూర్చో, ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు. మనకి బాగా అలవాటైన మనిషి పక్కన నోరు మూసుకుని కూర్చోవడం కూడా విశ్రాంతే, దానికి గది అక్కర్లేదు.

ఇప్పుడు గదీ గడియా సంగతికి వద్దాం. మన ఇళ్ళల్లో ‘కాసేపు ఒక్కదాన్నే ఉంటాను’ అన్న మాటకి అర్థం లేదు చెల్లీ, ఆ మాట అంటే వినేవాళ్ళకి వినపడేది ‘అలిగాను’ అని. ఒంటరిగా కూర్చున్న ఆడమనిషిని చూస్తే ఎవరో ఒకరు వచ్చి ఏమైంది అని అడక్కుండా ఉండరు, ప్రేమతోనే అడుగుతారు, అదే కష్టం. కానీ అదే మనిషి చేతిలో పని ఉంటే ఎవరూ అడగరు. నేను ముప్ఫై ఏళ్ళ కాపురంలో కనిపెట్టింది ఇదొక్కటే, ఖాళీగా ఉంటే అనుమానం, పనిలో ఉంటే గౌరవం. కాబట్టి ఒంటరితనానికి ఒక పని పేరు పెట్టు.

నాకు దొరికిన పని వడియాలు. ఎండాకాలం కదా, మన వైపు ఏ డాబా మీద చూసినా వడియాలో అప్పడాలో ఆరుతూనే ఉంటాయి. బూడిద గుమ్మడికాయ ముక్కలు ముందురోజు ఉప్పు పసుపు వేసి మూట కట్టి రాయి పెట్టీడం, మినప్పప్పు గట్టిగా రుబ్బడం, పొద్దున ఏడింటికల్లా పాత పంచె తడిపి పరిచి దాని మీద పెట్టీడం, ఇదంతా నలుగురితో చేసే పనే, కబుర్లతోనే అవుతుంది. అసలు పని తర్వాత మొదలవుతుంది, కాకుల కాపలా! మెట్ల గది నీడలో పీట వేసుకుని, చేతిలో ఒక పొడుగాటి కర్ర, దాని చివర నల్లగుడ్డ, అలా కూర్చోవాలి. ఎదురుగా తెల్లటి పంచె మీద వరసగా వడియాలు, అంచుల్లో ముందు ఎండి రంగు మారతాయి, మధ్యలోవి ఇంకా తడిగానే మెరుస్తుంటాయి. కింద నించి గిన్నెల చప్పుడు, ఎవరిదో నవ్వు, పిల్లల ఏడుపు, అన్నీ వినపడతాయి కానీ ఏదీ నిన్ను పిలవదు. కాకి వచ్చి పిట్టగోడ మీద వాలి నీ వంక ఒక కన్ను పెట్టి చూస్తుంది, నువ్వు కర్ర కదిపితే లేస్తుంది, మళ్ళీ వస్తుంది, ఆ కాకితో తప్ప ఎవరితో పన్లేదు నీకు. అరగంట. కిందకి దిగేసరికి నేను వేరే మనిషిని.

మా అత్తగారు ఉన్న రోజుల్లో ఆ కాపలా ఆవిడదే, ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు, ‘మీకు చేతకాదు, కాకి ఎత్తుకుపోతాది’ అనేవారు. గంటలు గంటలు పైనే. నేనోసారి అడిగా, అంతసేపు పైన ఏం చేస్తారత్తా, ఎండ కదా అని. నా వంక చూసి ‘కాకులమ్మా’ అన్నారు, అంతే, ఇంకో ముక్క మాట్లాడలేదు. వడియాలు ఎండిపోయి డబ్బాలకి ఎత్తేశాక కూడా రెండ్రోజులు పైకి వెళ్ళి కూర్చునేవారు, ఆ రోజుల్లో కాకులేం తినేవో నాకు తెలీదు.

నీకు వడియాలే కావాలని లేదు, మీ ఇంటి పనుల్లో ఏది ఒక్క మనిషి పనో చూసుకో. మల్లెపూలు కట్టడం, తమలపాకులు తుడిచి చిలకలు చుట్టడం, కొబ్బరి తురమడం, ఇచ్చిపుచ్చుకునే చీరలకి జాకెట్ ముక్కలు జత చేసి సర్దడం, దుకాణానికి వెళ్ళి ఐసు తేవడం. ఫంక్షన్ మొదలవ్వకముందే ‘తాంబూలాల పని నాది’ అని నోటితో అడిగి తీసుకో. మీ అత్తగారికి కోడలు బాధ్యత తీసుకుందని ఉంటుంది, నీకు మధ్యమధ్యలో స్టోర్ గదిలో పావుగంట ఉంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు, పని నిజంగానే చేస్తున్నావు కదా.

పావుగంట అని ఊరికే అనలేదు. 2018లో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది, మనుషుల్ని ఓ 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టి ముందూ వెనకా ఎలా ఉందో అడిగారు. కంగారు, చిరాకు తగ్గాయి, తమాషా ఏంటంటే ఉత్సాహం, ఉబలాటం కూడా తగ్గాయి, అంటే పొంగు మొత్తం దిగిపోయింది, పాలగిన్నె కింద మంట తగ్గించినట్టు. తనకి తానుగా ఇష్టపడి కూర్చుంటే హాయి ఎక్కువ. కాబట్టి రోజంతా గది అక్కర్లేదు నీకు, నాలుగు పావుగంటలు చాలు, కానీ వరదొచ్చాక కాదు, ముందే.

ఆ పావుగంటలో ఫోన్ మాత్రం వద్దు తల్లీ. నువ్వు ఆ ఐదో రోజు గదిలో ఏం చేశావో నేను చెప్పనా, పడుకుని రీల్స్ చూశావు, మధ్యలో ఫ్యామిలీ గ్రూప్‌లో యాత్ర ఫొటోలు రెండొందలు పడితే ఒక్కోదానికీ దణ్ణం బొమ్మ పెట్టావు. అవునా? అదీ జనమే, అదీ మొహమాటమే, కాకపోతే మంచం మీద. సాయంత్రం లేచేసరికి తల దిమ్ముగా ఉండి ఉంటుంది, ఇంత పడుకున్నా తగ్గలేదేంటి అనుకుని ఉంటావు. గ్రూప్‌ని ఎనిమిది గంటలు మ్యూట్‌లో పెట్టు, ఎవరికీ తెలీదు, ఎవరూ చచ్చిపోరు. పగటి నిద్ర కూడా అరగంటకి మించి వద్దు, రాత్రి నిద్ర పాడవుతుంది, మర్నాడు మళ్ళీ అదే కథ.

అబద్ధం చెప్పి తప్పించుకోవడం గురించి. ‘తలనొప్పి’ అంటావు, మొదటిసారి అమృతాంజనం తెస్తారు, రెండోసారి మాత్ర తెస్తారు, మూడోసారి కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అని మాత్రం పొరపాటున కూడా అనకు, పెళ్ళై మూడేళ్ళు, ఇల్లంతా ఇంకో అర్థం తీసి సాయంత్రానికి ఇచ్చాపురం దాకా స్వీట్ల వార్త వెళ్ళిపోతుంది. ఆ తర్వాత కాదని చెప్పడం పదహారు మంది చుట్టాల కన్నా కష్టం, అనుభవం మీద చెప్తున్నా.

నిజం ఒక్కరికే చెప్పు, మీ ఆయనకి. ఫంక్షన్ రోజు కాదు, వారం ముందు, ఇద్దరూ బాగున్నప్పుడు. ‘మీవాళ్ళు నాకు ఎక్కువైపోతున్నారు’ అని మాత్రం అనకు, అందులో వాళ్ళ మీద తప్పు ఉంది. ‘నాకు చాలాసేపు మాట్లాడితే నీరసం వస్తుంది, మా అమ్మ వాళ్ళింట్లో కూడా ఇంతే, కాసేపు ఒక్కదాన్నే ఉంటే తేరుకుంటాను’ అను. కన్నవారింట్లో కూడా ఇంతే అన్న ముక్క ముఖ్యం, అది వింటే ఇది మా ఇంటి మీద కోపం కాదు అని తెలుస్తుంది. ఇద్దరూ ఒక గుర్తు మాట పెట్టుకోండి, నువ్వు ‘డాబా మీద బట్టలు తీశారా’ అంటే నన్ను కాసేపు వదిలించండి అని. వచ్చిన చుట్టాల్ని ఆయన ఇంకో గదిలోకి కబుర్లకి తీసుకుపోవాలి, ఆయన చుట్టాలే కదా మరి.

మీ అత్తగారితో మాటల్లో తేల్చుకోకు. ఆవిడ అన్నమాట ఆవిడకి కూడా కొంచెం బాధగానే ఉండి ఉంటుంది, వాళ్ళవాళ్ళు వెళ్ళిన మర్నాడు ఇల్లు బోసిగా ఉంటే, ఆ చుట్టాల కబుర్లు మళ్ళీ చెప్పుకోవడానికి పక్కన మనిషి లేదు. అది ఆవిడకి విశ్రాంతి, నీకు తలుపు విశ్రాంతి. అందుకని ఈసారి అందరూ వెళ్ళిన మర్నాడు పొద్దున్న ఓ పావుగంట ఆవిడ పక్కన కూర్చుని టీ తాగుతూ ‘మీ చెల్లెలు ఆ మెరూన్ చీరలో బాగున్నారత్తా’ అని ఒక మాట అను, మిగతాది ఆవిడే చెప్పుకుంటారు, నువ్వు ఊ కొట్టు. ఆ తర్వాత నువ్వు రెండు గంటలు కనపడకపోయినా ఎవరూ ఏమీ అనరు. స్కూల్‌కి వెంటనే వెళ్ళాల్సిన రోజు కాకుండా చూసుకో, సెలవులే కదా, ఆ రోజు ఎవర్నీ కలిసే ప్రోగ్రాం పెట్టుకోకు.

గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్ళి రిలాక్స్ అవ్వు అని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, పదిహేను కిలోమీటర్లే కదా అని. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్ళకు, అక్కడ అలల కన్నా మనుషులు ఎక్కువ, బరంపురం అంతా అక్కడే ఉంటుంది, మీ స్కూల్ పిల్లల తల్లిదండ్రులు కనపడి మార్కుల గురించి అడుగుతారు. వెళ్తే మామూలు రోజు తెల్లారి వెళ్ళు, బళ్ళవాళ్ళు రాకముందు, వలలు సర్దుకునే మన తెలుగు జాలర్లు తప్ప ఎవరూ ఉండరు. వాళ్ళు నీతో మాట్లాడరు, వాళ్ళ పని వాళ్ళది.

ఒక్కటి మాత్రం చూసుకో. జనం వెళ్ళాక అలసిపోయి, ఒంటరిగా ఉంటే తేరుకుంటున్నావు అంటే ఇది నీ స్వభావం, మందు అక్కర్లేదు. అలా కాకుండా ఫంక్షన్‌కి పది రోజుల ముందు నించే గుండె దడ, నన్నేమనుకుంటారో అని నిద్ర పట్టకపోవడం, లేదా ఒంటరిగా ఉన్నా ఏదీ రుచించక రెండు వారాలు దాటి అలాగే ఉండటం, అది వేరే సంగతి, దానికి నా వడియాలు పనిచెయ్యవు. మీ ఊళ్ళోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక విభాగం ఉంది, లేదా 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వానిది, డబ్బులు లేవు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో కూడా మాట్లాడతారు.

గడియ అడిగావు కదా. తప్పు కాదు. కానీ పాత ఇళ్ళ గడియలు చూశావా, ఇనుపవి, వేస్తే ఠంగుమని వీధి దాకా వినపడతాయి, ఆ చప్పుడే మీ అత్తగారికి మొహం మీద తలుపేసినట్టు తగిలి ఉంటుంది. ఈసారి తలుపు దగ్గరగా వేసి, కింద ఒక పీట అడ్డం పెట్టు, పిల్లలు తోస్తే కొంచెం తెరుచుకుని ఆగుతుంది. వెళ్ళేముందు వంటింట్లోకి తొంగి చూసి ‘అత్తా, నాలుగింటికి లేచి టీ నేను పెడతా’ అని చెప్పి వెళ్ళు. నాలుగంటే నాలుగింటికే లే మరి.